భూమి లెక్కలు – కంప్యూటరు
(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ప్రసంగ పాఠము)



గ్రంథాలయమునకు 25 సంవత్సరములు నిండుట యనగా పుస్తకములు పెరుగుట మాత్రమే కాదు. వాని లెక్క చెడక నిలుచుట కూడను. ఏ పుస్తకము ఎప్పుడు వచ్చినది, ఎవరియొద్ద నున్నది, ఏది చినిగిపోయి తీసివేయబడినది అను సంగతులు రిజిస్టరులో సరిగా లేనిచో, పుస్తకము బీరువాలో నుండియు లేనట్లే యగును. గ్రామమునకు ఇంతకంటె పెద్ద లెక్క మఱియొకటి కలదు. అది భూమి లెక్క. పుస్తకము పేరు తప్పినచో ఒక పాఠకుడు రిక్తహస్తములతో ఇంటికి పోవును. పట్టాదారు పేరు తప్పినచో ఒక కుటుంబము బ్యాంకు గడప కడను, కచేరీ గడప కడను నెలల తరబడి నిలువవలసివచ్చును.

మాకవరపాలెము మండలపు రైతు నేడు తన భూమి వివరములను కంప్యూటరు తెరపై చూచుకొనగలుగుచున్నాడు. సర్వే నంబరు చెప్పినచో అడంగల్, ఖాతా నంబరు చెప్పినచో 1-బి కొలది క్షణములలో ఎదుటికి వచ్చును. ఆ క్షణముల వెనుక రెండు పెద్దపనులు దాగియున్నవి. మొదటిది, తరతరములుగా కాగితములపై పేరుకొనిన లక్షల వరుసలను యంత్రములోనికి ఎక్కించుట. రెండవది, ఎక్కించిన దానిని దినదినము తాజాగా నుంచుట. మొదటిది బలముతో చేయు పని. రెండవది మెలకువతో చేయు పని. రెండింటిలో ఏది చెడినను చెడునది రైతు పేరే. ఈ రెండు పనులు ఎట్లు జరుగునో, వానిలో గ్రామస్థుని పాత్ర యేమో విచారించుటయే ఈ ప్రసంగ ప్రయోజనము.

కంప్యూటరు రాకమునుపు ఈ పనులు లేకపోలేదు. కరణముగారి దస్త్రములలోనే రెండును ఉండెను. సర్వేయు సెటిల్‌మెంటును జరిగిన పిమ్మట తయారైన రిజిస్టరు ఒకటి ప్రతి సర్వే నంబరునకును విస్తీర్ణము, శిస్తు, పట్టాదారు పేరు మొదలగునవి చూపుచుండెను. ఇంగ్లీషు, తెలుగు రెండు భాషలలో నుండుటచే దానిని డైగ్లాట్ అని వ్యవహరించిరి. అది సులభముగా మారునది కాదు. అడంగల్ అట్లు కాదు. ప్రతి ఫసలీకి, అనగా జులై 1 మొదలు మఱుసటి జూన్ 30 వఱకు గల రెవిన్యూ సంవత్సరమునకు, అది క్రొత్తగా వ్రాయబడుచుండెను. ఏ నంబరును ఎవరు సాగుచేసిరి, వేసినది వరియా, చెఱకా, జీడిమామిడియా, నీటి ఆధార మేది అనునవి అందుండును. జమాబందీలో అధికారి గ్రామపు లెక్కలను తనిఖీచేసి, మొత్తములు సరిపోయినవో లేదో చూచెడివాడు. ఒకటి మూలపుస్తకము, ఒకటి మూలమునుండి కొంత ఎత్తివ్రాసి, ఆ యేటి మార్పులు చేర్చిన పుస్తకము. కంప్యూటరు శాస్త్రజ్ఞులు నేడు వేఱుపేర్లతో చెప్పుకొనుచున్న భేద మిదియే.

ఈ లెక్కలు పలుమార్లు చేతులు మారినవి. 1948లో ఎస్టేటుల రద్దు చట్టము వచ్చి జమీందారీ గ్రామములు రైతువారీ పద్ధతిలోనికి మారినప్పుడు దస్త్రములు పెద్దయెత్తున తిరుగవ్రాయవలసివచ్చెను. 1971లో భూమి హక్కుల, పట్టాదారు పాసు పుస్తకముల చట్టము వచ్చెను. నేటి 1-బి ఆ చట్టము చెప్పిన హక్కుల రికార్డునకు సంబంధించినదే. 1984 జనవరిలో కరణముల, మునసబుల ఉద్యోగములు రద్దయ్యెను. 1985లో మండలములు ఏర్పడెను. 2015లో మీభూమి ద్వారా అడంగల్‌ను, 1-బిని ప్రజలే చూచుకొను సదుపాయము కలిగెను. ఎత్తివ్రాసిన ప్రతిమాఱును ఒక అక్షరము జాఱుటకు, ఒక అంకె తారుమారగుటకు అవకాశము కలదు. కంప్యూటరునకు ఎక్కించుట ఆ వరుసలో కడపటి ఎత్తివ్రాత. అన్నిటికంటె పెద్ద యెత్తివ్రాత.

ఇంత పెద్ద లెక్కను యంత్రములో ఏ రూపమున నుంచవలెను? దీనికి 1970లో ఐ.బి.ఎం. సంస్థలో పనిచేయుచున్న ఎడ్గార్ కాడ్ అను శాస్త్రజ్ఞుడు ఒక వ్యాసమున మార్గము చూపెను. ఆయన ఇంగ్లండులో జన్మించి అమెరికాలో పరిశోధన చేసినవాడు. 1981లో ట్యూరింగ్ పురస్కారము పొందెను. దత్తాంశము నంతయు పట్టికలుగా నుంచి, ఒక పట్టికకును మఱియొక పట్టికకును గల సంబంధమును వరుసలలోని గుర్తులచేతనే తెలియజేయవలెనని ఆయన ప్రతిపాదించెను. ఆ మార్గమున నడచువానినే రిలేషనల్ డేటాబేస్‌లు అందురు. ఆ మార్గమునుండి పుట్టిన నియమము గ్రామస్థునకు కష్టమైనది కాదు. ఒక సంగతిని ఒక్కచోట వ్రాయవలెను. తక్కినచోట్ల దాని గుర్తును మాత్రము వ్రాయవలెను.

ఈ నియమము విలువ మాకవరపాలెము వారికి దగ్గఱ ఉదాహరణముతోనే బోధపడును. 2022 ఏప్రిల్ 4వ తేదీన విశాఖపట్టణము జిల్లానుండి విడివడి అనకాపల్లి జిల్లా ఏర్పడినది. మాకవరపాలెము మండలము క్రొత్త జిల్లాలో చేరినది. భూమిని గూర్చిన ప్రతి వరుసలోను జిల్లాపేరు వ్రాసియున్నచో, ఆ దినమున మండలములోని వరుసల నన్నిటిని దిద్దవలెను. దిద్దుటలో కొన్ని మిగిలిపోయినచో, ఒకే గ్రామము సగము ఒక జిల్లాలోను సగము మఱియొక జిల్లాలోను ఉన్నట్లు లెక్క చెప్పును. అట్లు గాక, మండలముల పట్టిక వేఱుగా నుండి, మాకవరపాలెము ఏ జిల్లాలోనిదో అందు ఒక్క వరుసలో నుండి, భూముల పట్టికలో మండలపు గుర్తు మాత్రమే యున్నచో, ఆ ఒక్క వరుసను దిద్దిన చాలును. అయితే 2010లో వ్రాసికొనిన దస్తావేజు విశాఖపట్టణము జిల్లా పేరుతోనే యుండుట న్యాయము. కావున ఏ సంబంధము ఏ తేదీనుండి ఏ తేదీవఱకు చెల్లెనో కూడ పట్టికలో నుండవలెను. పాతదానిని చెఱిపివేయుట తాజాపఱచుట కాదు. పాతదానికి ముగింపు తేదీ వేసి, క్రొత్తదానిని చేర్చుట తాజాపఱచుట.

ఇక ఎక్కించు పని. వరి కోసిన రైతు కంకులను తిన్నగా గాదెలో పోయడు. కళ్లమునకు తెచ్చును, నూర్చును, తూర్పారబట్టును, తాలును వేఱుచేయును, కొలుచును. ఆ పిమ్మటనే గాదెకు చేర్చును. పెద్దలెక్కను ఎక్కించువారును అట్లే చేయుదురు. కాగితములనుండి వచ్చిన వరుసల నన్నిటిని ముందు ఒక తాత్కాలిక పట్టికలో కుమ్మరింతురు. అది కళ్లము వంటిది. రైతు చూచు అసలు పట్టికకు అప్పుడు దానితో సంబంధము లేదు. కళ్లములో పరీక్షలు జరుగును. ఈ గ్రామపు గుర్తు గ్రామముల పట్టికలో కలదా? ఈ సర్వే నంబరు డైగ్లాట్‌లో కలదా? ఒకే సబ్‌డివిజను రెండుమార్లు వచ్చినదా? విస్తీర్ణము గడిలో అంకెకు బదులు అక్షరము పడినదా?

వీనిలో మొత్తముల పరీక్ష ముఖ్యమైనది. ఒక సర్వే నంబరు 42 అనియు, దాని విస్తీర్ణము 5 ఎకరముల 20 సెంట్లు అనియు అనుకొందము. 42/1లో 2 ఎకరముల 10 సెంట్లు, 42/2లో 1 ఎకరము 75 సెంట్లు, 42/3లో 1 ఎకరము 35 సెంట్లు ఉన్నచో మొత్తము సరిపోవును. వ్రాయసకాని వ్రేలు జాఱి 1.35కు బదులు 13.5 పడినచో మొత్తము 17 ఎకరముల 35 సెంట్లగును. యంత్రము వెంటనే పట్టుకొనును. కాని 42/1 రైతు పేరు 42/2 ఎదుటను, 42/2 రైతు పేరు 42/1 ఎదుటను పడినచో మొత్తము చెక్కుచెదరదు. ఆ తప్పును యంత్రము ఎఱుగజాలదు. ఆ పొలము గట్లు ఎఱిగిన మనుష్యుడే ఎఱుగవలెను. పేరు వ్రాయుటలోను చిక్కు కలదు. అప్పలనాయుడు అని కలిపి వ్రాసినను, అప్పల నాయుడు అని విడదీసి వ్రాసినను గ్రామమునకు ఒక్కడే, యంత్రమునకు ఇద్దఱు. అందుచేతనే మనుష్యుని పేరును కాక, ఖాతా నంబరువంటి స్థిరమైన గుర్తును నమ్ముకొనవలెనని శాస్త్రము చెప్పుచున్నది.

తూర్పారబట్టినప్పుడు తాలును గాలికి వదలవచ్చును. పరీక్షలో నిలువని వరుసను మాత్రము వదలరాదు. అది ఒక కుటుంబపు భూమి కావచ్చును. దానిని వేఱొక పట్టికలో చేర్చి, ఎందువలన నిలిచిపోయినదో ప్రక్కన వ్రాసి, ఎవరు సరిచేయవలెనో నిర్ణయింపవలెను. లక్ష వరుసలలో వేయింటికి ఒకటి చొప్పున తప్పినను నూఱు వరుసలు తప్పినట్లే. నూటికి 99.9 వంతులు సరిపోయినవని కచేరీలో సంతోషింపవచ్చును. ఆ నూఱిండ్లలో సంతోష ముండదు. ఈ న్యాయము భూమికే పరిమితము కాదు. 2025 ఆగస్టులో బీహారు ఓటర్ల ముసాయిదా జాబితాలో పూర్వపు జాబితానుండి సుమారు 65 లక్షల పేర్లు చేరలేదు. ఆ పేర్లను, చేరకపోవుటకు కారణములతో సహా, ప్రకటింపవలసినదని సుప్రీంకోర్టు ఆ నెల 14న ఆదేశించెను. చేరనివారి జాబితా కూడ జాబితాయే యని దీని తాత్పర్యము.

ఎక్కించుటలో వేగమునకు ఒక కిటుకు కలదు. గ్రంథాలయ సభ్యులకు అది సులభముగా తెలియును. ఒకేసారి వేయి పుస్తకములు విరాళముగా వచ్చినవనుకొందము. ఒక్కొక్క పుస్తకము రిజిస్టరులో వ్రాయుట, వెంటనే లేచిపోయి కార్డుల పెట్టెలో దాని కార్డును అక్షరక్రమమున దూర్చుట, మరల వచ్చి రెండవ పుస్తకము వ్రాయుట చేసినచో దినములు పట్టును. ముందు పుస్తకముల నన్నిటిని రిజిస్టరులో వ్రాసి, పిమ్మట కార్డుల నన్నిటిని ఒక్కసారిగా వరుసకు పేర్చి పెట్టెలో నుంచినచో శ్రమ ఎంతయో తగ్గును. డేటాబేస్‌లో త్వరగా వెదకుటకై ఉండు ఇండెక్సు ఆ కార్డుల పెట్టె వంటిదే. ఖాళీ పట్టికలో పెద్దరాశిని పోయునప్పుడు ఇండెక్సును తీసివేసి, వరుసల నన్నిటిని పోసి, తుదకు ఇండెక్సును తిరుగ కట్టుదురు. ఒక్కొక్క వరుసకు ఒక్కొక్క ఆజ్ఞ ఇచ్చుట మాని, రాశులు రాశులుగా పోయు ఆజ్ఞలను వాడుదురు.

వేగముతోపాటు మఱియొక రక్షణ కావలయును. సగము ఎక్కినపిమ్మట కరెంటు పోయినచో ఏమగును? రిలేషనల్ డేటాబేస్‌లో దీనికి ట్రాన్సాక్షన్ అను కట్టుబాటు కలదు. ఒక పని యంతయు జరిగినట్లుగానైనను, ఏమియు జరగనట్లుగానైనను ఉండవలెనే కాని నడుమ నిలిచిపోరాదు. భూమి విక్రయమునందు దీని అర్థము స్పష్టము. అమ్మినవాని ఖాతాలో తగ్గవలెను, కొన్నవాని ఖాతాలో హెచ్చవలెను. ఒకటి జరిగి రెండవది జరగనిచో, ఆ భూమి ఇద్దఱిదైనను కావలెను, ఎవరిదియు కాకపోవలెను.

ఎక్కించుట ముగిసిన దినముననే తాజాపఱచుట మొదలగును. దీనికి రెండు పద్ధతులు కలవు. పూర్వము అడంగల్ వ్రాసినట్లు, పాతప్రతిని ప్రక్కనపెట్టి మొత్తము క్రొత్తగా తయారుచేయుట ఒకటి. మారినవానిని మాత్రమే గుర్తించి దిద్దుట మఱియొకటి. మొదటిదానిలో శ్రమ హెచ్చు, గందరగోళము తక్కువ. రెండవదానిలో శ్రమ తక్కువ, జాగ్రత్త హెచ్చు. క్రొత్తగా వచ్చినవి, మారినవి తేదీనిబట్టి కనబడును, తొలగినవి కనబడవు. లేనిదానికి తేదీ యుండదు గదా! అందుచేత తొలగింపును కూడ ఒక సంఘటనగా వ్రాసి యుంచనిచో, మూలములో లేని పేరు ప్రతిలో సంవత్సరముల తరబడి నిలిచియుండును. ఆలోచనపరులు కనుక ఈ రెండు పద్ధతులను కలిపి వాడుదురు. నిత్యము మార్పులను చేర్చుచు, నియమిత కాలమునకు ఒకసారి మొత్తమును మూలముతో సరిచూతురు. పూర్వపు జమాబందీలో జరిగినది ఈ సరిచూపే.

తాజాపఱచునంతసేపు చదువరిని బయట నిలుపుట మంచిది కాదు. పుస్తకముల తనిఖీకని గ్రంథాలయమును నెలదినములు మూసివేసినచో పాఠకు లొప్పుకొనరు. క్రొత్తప్రతి సిద్ధమగువఱకు పాతప్రతినే చదువనిచ్చి, సిద్ధమై సరిచూచిన పిమ్మట ఒక్క క్షణములో మార్పిడి చేయుట ఉత్తమము. పోస్ట్‌గ్రెస్ అను ఉచిత డేటాబేస్‌లో 2014లో వచ్చిన 9.4 కూర్పునుండి, చదువువారిని ఆపకయే నిలువప్రతిని తాజాపఱచు ఆజ్ఞ కలదు. క్రొత్తది నిలుచువఱకు పాతదానిని తీయరాదు. క్రొత్తది నిలిచిన తరువాత రెండింటిని చెల్లుబాటులో నుంచరాదు. కర్ణాటకములో భూమి అను పథకముక్రింద సుమారు 2 కోట్ల రికార్డులను కంప్యూటరునకు ఎక్కించిరి. ఎక్కింపు ముగిసిన తాలూకాలలో చేతివ్రాత పత్రములు ఇక చెల్లవని నిర్ణయించిరి. రెండు లెక్కలు నిలిచినచో రెండు సత్యములు నిలుచునని వారెఱిగిరి.

ఆంధ్రదేశమున ఈ రెండు లెక్కల సమస్య మఱియొక రూపమున కలదు. 1998లో రిజిస్ట్రేషన్ శాఖ తన కార్యాలయములను కంప్యూటరుల క్రిందికి తెచ్చెను. విక్రయ దస్తావేజు సబ్‌రిజిస్ట్రారు లెక్కలో చేరును. పట్టాదారు పేరు మార్పు రెవిన్యూ లెక్కలో జరుగవలెను. మొదటి లెక్క మారి రెండవది మారని నడిమి కాలములో, ఈసీలో కొన్నవాని పేరును, 1-బిలో అమ్మినవాని పేరును కనబడును. రెండు కాగితములును ప్రభుత్వము ఇచ్చినవే. రెండింటి తేదీలు వేఱు. ఆ నడిమి కాలము ఎంత తగ్గినచో రైతునకు అంత క్షేమము. మోసగానికి కావలసినది ఆ నడిమి కాలమే. ఒకే భూమిని రెండవసారి అమ్మజూచువాడు పాతలెక్కనే చూపును.

2020 డిసెంబరు 21న ఆంధ్రప్రదేశ్‌లో సమగ్ర భూముల రీసర్వే ప్రారంభమయ్యెను. డ్రోనులతోను, ఉపగ్రహముల సహాయముతో పనిచేయు పరికరములతోను కొలతలు తీసిరి. రీసర్వే పూర్తియైన గ్రామములలో పాత సర్వే నంబర్లకు బదులు ఎల్.పి.ఎం. నంబర్లు వచ్చినవి. ఇది మొత్తమును క్రొత్తగా తయారుచేయు పద్ధతికి గొప్ప ఉదాహరణము. కొన్నిచోట్ల పలువురు రైతుల భూములు ఒకే ఉమ్మడి ఎల్.పి.ఎం. నంబరులో చేరుటచే, వానిని విడదీయవలసినదని అర్జీలు వచ్చినవి. ఇట్టి మార్పులో అన్నిటికంటె విలువైన పట్టిక పాతనంబరునకు ఏ క్రొత్తనంబరు వచ్చినదో చెప్పునది. తాతగారి దస్తావేజులో ఉన్నది పాతనంబరే. ఆ వంతెన తెగినచో, ఎంత చక్కని కొలతయైనను ఆ కుటుంబపు కాగితములకు అందదు.

ఇంతవఱకు చెప్పినది యంత్రమును నడపువారి ధర్మము. చదువనేర్చిన గ్రామస్థుని ధర్మము కూడ కొంత కలదు. సంవత్సరమున కొకసారియైనను తన 1-బిని, అడంగల్‌ను తెప్పించి చూచుకొనవలెను. పేరు, తండ్రిపేరు, ఖాతా నంబరు, సర్వే నంబరు, విస్తీర్ణము అను అయిదింటిని దస్తావేజుతో పోల్చవలెను. ఆ ప్రతి ఏ తేదీన తీసినదో చూడవలెను. తేదీలేని లెక్క ఎంత క్రొత్తదో ఎవరును చెప్పలేరు. తండ్రి గతించిన యింట వారసుల పేర్లు చేరినవో లేవో విచారింపవలెను. తప్పు కనబడినచో నోటిమాటతో ఊరుకొనక, సచివాలయములోనో తహసీల్దారు కచేరీలోనో అర్జీ యిచ్చి రసీదు పుచ్చుకొనవలెను. గ్రామసభలో ముసాయిదా చదివిన దినమున పొలము పనిని ఒక పూట ఆపియైనను వినవలెను. 42/1కును 42/2కును పేర్లు తారుమారైన సంగతి ఆ పూట చెప్పగలవాడు ఆ గట్టుమీద నడచినవాడే.

గ్రంథాలయము ఇందు సహాయపడగలదు. అక్షరము రాని రైతునకు ఆ కాగితమును చదివి వినిపించుటకు వారములో ఒక సాయంకాలము కేటాయించినచో, పత్రికలు చదివి వినిపించు పాత ఆచారమునకు అది తగిన కొనసాగింపగును. అడంగల్ అనగానేమి, 1-బి అనగానేమి, ఖాతా అనగానేమి తెలుపు చిన్నపుస్తకములు బీరువాలో ముందువరుసలో నుండవలెను. ఆ సాయంకాలములలో బయటపడిన తప్పు ఒక్కటి సరిదిద్దబడినను, ఒక కుటుంబపు భూమి ఆ కుటుంబపు పేరున నిలుచును.

యంత్రము తనలో పోసినదానినే తిరిగి కొలిచి యిచ్చును. తాలు పోసినచో తాలునే యిచ్చును. దానికి జ్ఞాపకము కలదు, పొలము మాత్రము తెలియదు. కోట్ల వరుసలను నిమిషములలో ఎక్కించు విద్య నేడు లోకములో కలదు. ఎక్కిన వరుస నిజమా కాదా యని చెప్పగల విద్య గ్రామములోనే కలదు. ఈ రెండు విద్యలు కలిసినచోటనే లెక్క తాజాగా నుండును. గ్రంథాలయము రానున్న సంవత్సరములలో అట్టి కలయికకు స్థానమై, చదువరుల సంఖ్యతోపాటు తమ లెక్కను తాము సరిచూచుకొనగల గృహస్థుల సంఖ్యను కూడ పెంచుగాక!